ముందుపోయేవాడి పలక

నేను ఒక పలకను. పలకనగానే మీకు బలపమూ, ఉమ్మి పెట్టి తుడవడమూ, అయ్యవారి బెత్తమూ గుర్తొస్తాయని తెలుసు. ఆగండాగండి. నా మీద ఎవరూ అ ఆలు దిద్దలేదు. నేను మోటారు సైకిలెక్కి కొండలు దిగినదాన్ని. సైకిలు పందేల్లో నాకంటే ముందు ఒక్కడంటే ఒక్కడు పోలేదు. అయినా గెలుపు నాదని ఎవరూ దండ వెయ్యలేదు లెండి. మనుషుల లెక్కలు మనుషులవి.

పుట్టింది మార్కాపురంలో. పలకలకి మా ఊరు పెట్టింది పేరు. గనిలోంచి రాయి తీసి, ఉలి పెట్టి, పొరలు పొరలుగా విడదీస్తారు. నేను ఎక్కడా బీట లేకుండా పెళ్ళిపీటంత ఊడి వస్తే, నన్ను విడదీసిన కాశింపీరా "అబ్బ, ఏం దిగిందిరా!" అని అరిచాడు. ముక్కలు చేసి బడిపిల్లల పలకలు కొయ్యమన్నాడు యజమాని. కాశింపీరాకి చెయ్యి రాలేదు. "ఇట్టాంటిది మళ్ళీ దిగదన్నా, ఎవరో ఒకరు పెద్దది అడక్కపోతారా" అని నన్ను గోడకి ఆనించాడు. ఆ మాట అనకపోతే ఏ పిల్లల సంచుల్లోనో ఎప్పుడో చిట్లిపోయేదాన్ని.

పెద్దది అడిగింది అనకాపల్లి నూకాలమ్మ. టిఫిను హోటలు మనిషి. నాకు టేకు చట్రం కట్టించి, గల్లాపెట్టె పైన మేకుకి తగిలించింది. పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, మైసూరు బజ్జీ అని సుద్దముక్కతో రాయడం, ఏది అయిపోతే దాన్ని పైట కొంగుతో చెరిపెయ్యడం. ఇంకా పెసరట్టు ఉందా, చెరిపేశారా అని తలుపు దగ్గరే నిలబడి నా వైపు చూసేవాళ్ళు జనం. ఆకలి చూపులు నాకు అక్కడే అలవాటయ్యాయి. చూపంటే ఇంతే కాబోలు అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో దాలినాయుణ్ణి చూశాక తెలిసింది.

నూకాలమ్మకి ఒక మేనల్లుడు, గవర్రాజు. మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు అతనిది. ఏటా మా వైపు తూర్పు కొండల పందెమని ఒకటి జరిగేది. జీతాలిచ్చి సైకిలు తొక్కించుకునే జట్లు దేశమంతటి నుంచీ వచ్చేవి. ఆ పందెంలో గవర్రాజు ఒక మోటారు సైకిలు నడిపేవాడు. వెనక సీటు మీద వెనక్కి తిరిగి కూర్చునే మనిషి వరాలమ్మ. చోడవరం హైస్కూల్లో వ్యాయామం టీచరు. ఆవిడ చేతిలో ఉండే నల్లరంగు అట్ట ఒక ఏడు వానకి కారిపోయి, అంకెలు ఆవిడ చీర మీదికి దిగాయి. మర్నాడు గవర్రాజు వచ్చి హోటలు గోడ మీంచి నన్ను దించేశాడు.

"నా పలక పట్టుకుపోతే, ఏటున్నాదో జనానికి ఎలా తెలుస్తాదిరా?" అంది నూకాలమ్మ.

"నోటితో చెప్పత్తా. నీ గొంతు అనకాపల్లి మొత్తానికి ఇనిపిస్తాది," అన్నాడు.

అలా నేను వరాలమ్మ మెడలోకి పట్టీతో ఎక్కాను. నా బరువుకి ఆవిడ మెడ వంగిపోయేది, పాపం. కానీ వానకి కారను, ఎండకి వంకర పోను. ఆవిడ అదే చెప్పుకునేది.

ఈ పందెం సంగతి తెలియాలంటే ముందు గాలి సంగతి తెలియాలి. సైకిలు తొక్కేవాడికి శత్రువు కొండ కాదు, పక్కవాడూ కాదు. గాలి. ముందు పోయేవాడు గాలిని మోస్తాడు. వాడి వెనక నక్కినవాడికి సగం కష్టమే. అందుకని వందమంది గుంపుగా పోతారు, వంతులు వేసుకుని ముందుకొచ్చి గాలి మోస్తారు. ఆ గుంపులోంచి ఏ ఒకడో ఇద్దరో తెగించి ముందుకి పారిపోతారు. పారిపోయినవాళ్ళకి వెనక గుంపు ఎంత దూరంలో ఉందో తెలియదు. తిరిగి చూస్తే మలుపులూ చెట్లూ. గుంపుకీ వాళ్ళకీ మధ్య ఎన్ని నిమిషాలో వరాలమ్మ చెవిలో పెట్టుకున్న రేడియోలో విని, నా మీద రాసి, వాళ్ళకి ఎత్తి చూపిస్తుంది. అదీ నా ఉద్యోగం.

దాలినాయుడు ప్రతి ఏడూ ఆ పారిపోయినవాళ్ళలో ఉండేవాడు. గంట్యాడ మనిషి. చంపావతి సిమెంటు జట్టు. పొడుగు ముక్కు, ఎండకి మాడిన మెడ, మాట తక్కువ. నేను కొంచెం దూరంలో కనపడగానే కళ్ళు చికిలించి, గొంతెత్తి ఒకే మాట అడిగేవాడు.

"ఎంతమ్మా?"

ఆ అడగడంలో ఏముండేదో చెప్పనా? ఇంటి మనిషిని ఆస్పత్రి లోపలికి పంపి బయట నిలబడ్డవాళ్ళు ఉంటారే, తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూస్తారే, అలా చూసేవాడు నన్ను. పెసరట్టు కోసం చూసే చూపులెక్కడ, ఆ చూపెక్కడ! రాతిదాన్నైనా ఒళ్ళు జల్లుమనేది. మంచి అంకె పడాలి తల్లీ, నా మీద ఇవాళైనా మంచి అంకె పడాలి అనుకునేదాన్ని.

పడేది కాదు. ఎందుకంటే దాలినాయుణ్ణి ముందుకి పంపేదే పట్టుబడటానికి. వాళ్ళ జట్టు మేనేజరు కిట్టంరాజుగారి ఎత్తు అది. జట్టులో విక్రాంత్ అని హైదరాబాదు కుర్రవాడు. పందెం ముగిసే గీత దగ్గర ఆఖరి పరుగులో అతన్ని కొట్టేవాడు లేడు. దాలినాయుడు పొద్దున్నే పారిపోతే, వాణ్ణి పట్టుకోవడానికి మిగిలిన జట్లు గాలి మోసి మోసి చావాలి. "మావాడు ముందున్నాడుగా, మేమెందుకు లాగుతాం?" అని విక్రాంత్ నీడపట్టున కూర్చుంటాడు. చివర్లో దాలి దొరికిపోతాడు, అలసిన గుంపులోంచి విక్రాంత్ దూకి గెలుస్తాడు. ఎరని చేప మింగాలి కదండీ, లేకపోతే గాలం ఎందుకు? కూరలో కరివేపాకు బతుకు. వాసన కావాలి, తినేటప్పుడు తీసి పక్కన పెడతారు.

నేను చెప్పబోయే ఏడు దాలినాయుడికి ఆఖరిది. మోకాలు ఇంక ఒప్పుకోనంది. చివరి రోజు పందెం అరకు నుంచి విజయనగరం కోట దాకా. అంటే అతని ఊరి మీదుగానే. బయల్దేరే ముందు అరకులో వరాలమ్మ నన్ను తడిగుడ్డతో తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒక్కసారమ్మా," అన్నాడు. "రెండు సేతులూ ఒగ్గేసి గీత దాటాలని ఉంది. ఒక్కసారి సాలు. మరింక సైకిలెక్కమన్నా ఎక్కను."

గుంపులో ఉన్నవాడు చేతులు వదిలితే పదిమందిని పడేస్తాడు. ఒంటరిగా ముందు వచ్చినవాడికే హ్యాండిలు వదిలి చేతులు పైకెత్తే భోగం. పద్నాలుగేళ్ళుగా తొక్కుతున్నాడు, ఒక్కసారీ ఎత్తలేదు. వరాలమ్మ నన్ను తుడవడం ఆపింది. "ఎత్తుతావు నాయనా, ఇవాళ ఎత్తుతావు," అంది. ఆవిడ కూడా నమ్మి అనలేదు. నేనొక్కదాన్నే నమ్మాను.

అరకు దాటగానే పారిపోయాడు. అతనితో ఇంకొక్కడు, జోబి అని కేరళ వాడు, వేరే జట్టు. అనంతగిరి కాఫీ తోటల మధ్య ఘాటీ దిగేసరికి నా మీద ఐదు నిమిషాలు. నిండు ఐదు! దాలి చూసి తల ఊపాడు. కానీ చూస్తున్నాను కదా, గాలి మొత్తం దాలే మోస్తున్నాడు. జోబి వెనక చక్రానికి అంటుకుని కూర్చున్నాడు, ముందుకి రాడు. దాలి మోచెయ్యి ఊపి వంతు అడిగాడు.

"అన్నా, సారీ. ఆర్డర్," అన్నాడు జోబి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దించుకున్నాడు. వాళ్ళ జట్టు పరుగు వీరుడు వెనక గుంపులో ఉన్నాడు మరి. సాయం చెయ్యొద్దని చెవిలో చెప్పి పంపారు. ఎవరి ఎత్తు వారిది.

దాలి మోచెయ్యి దించేశాడు. ఎస్.కోట ముందు ఒక చిన్న ఎక్కుడు వచ్చింది. అక్కడ సీటు మీంచి లేచి తొక్కాడు చూడండి! జోబి తల ఎత్తేలోపు ఒక సరుగుడు తోట దూరం పోయాడు. ఇక ఒంటరి. దాలి, రోడ్డు, ముందు మేము.

ఎస్.కోట దాటాక సముద్రపు గాలి ఎదురొచ్చింది. జీడిమామిడి కొమ్మలన్నీ మా వైపే వంగుతున్నాయి. అయినా దాలి తగ్గలేదు. నా మీద అంకెలు మాత్రం తగ్గడం మొదలెట్టాయి. నాలుగు. మూడు. వరాలమ్మ చెరిపి రాసేలోపే రెండు. "ఇదేంటి గవర్రాజూ, ఇంత వేగంగా ఎలా వస్తున్నారు? ఎదురుగాలి వాళ్ళకి లేదా?" అంది.

రోడ్డు తిన్నగా ఉన్న చోట దూరంగా గుంపు కనపడింది. దాని ముక్కు ముందు టీవీ వాళ్ళ మోటారు సైకిలు. మోటారు ముందు పోతే దాని వెనక గాలి చచ్చిపోతుంది, అందుకే దూరంగా ఉండాలని రూలు. కానీ ఆ కెమెరా మనిషికి ముఖాలు పెద్దగా కావాలి, చెమట చుక్కలు కనపడాలి. దగ్గరికి జరిగాడు, జరిగాడు. గుంపు వాడి నీడలో చల్లగా వస్తోంది. కాళ్ళు వాళ్ళవే, గాలి మోసేది మాత్రం మోటారు!

వరాలమ్మ రేడియోలో పందెం పెద్దల కారుకి అరిచింది. "టీవీ బండిని ముందుకి తొయ్యండి సార్, గుంపుని లాక్కొస్తోంది!"

"చూస్తాం మేడమ్," అన్నారు. చూస్తాం అంటే తెలుసు కదా. చూడరు.

గంట్యాడ వచ్చింది. ఊరంతా రోడ్డు మీదే. "దాలీ! ఒరే దాలీ!" అని కేకలు. అతను ఎవరినీ చూడలేదు, నన్నే చూశాడు. "ఎంతమ్మా?" ఒకటిన్నర. ఎత్తి చూపించింది వరాలమ్మ. అప్పుడే వెనక నుంచి వాళ్ళ జట్టు జీపు వచ్చి పక్కన చేరింది. కిట్టంరాజుగారు కిటికీలోంచి నీళ్ళ సీసా చాపారు.

ఈ సీసా సంగతి ఒకటుంది. పందేల్లో పాత అలవాటు. సీసా అందించేవాడు వెంటనే వదలడు, పుచ్చుకునేవాడూ వదలడు. ఆ కాస్సేపు జీపే సైకిల్ని ముందుకి లాక్కుపోతుంది. తప్పే, కానీ అందరూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఏళ్ళ తరబడి రాజుగారు దాలికి అలా ఎన్ని సీసాలు పట్టారో. ఆ రోజు కూడా దాలి చెయ్యి చాపి పట్టుకున్నాడు. రాజుగారు వదల్లేదు. కానీ జీపు ముందుకి పోలేదు. నిదానమైంది. ముందుకి లాగాల్సిన సీసా వెనక్కి పట్టి ఆపుతోంది!

"ఒరేయ్ దాలీ, చాలింక," అన్నారాయన. "గుంపు వచ్చేసింది. ఆగి ఊపిరి తీసుకో. విక్రాంత్ వచ్చాక వాడి ముందుండి గీత దాకా గాలి మొయ్యి. జట్టు గెలవాలి కదరా."

దాలి సీసా వైపు చూశాడు. పెదాలు పగిలి ఉన్నాయి, పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నాడు. "జట్టు రోజూ గెలుస్తన్నాది రాజుగారూ," అన్నాడు. సీసా వదిలేశాడు. ఒక్క గుక్క తాగలేదు. తల వంచుకుని తొక్కడం మొదలెట్టాడు.

దూరం నిమిషం లోపుకి పడింది. అలా పడితే గుంపుకీ ముందున్నవాడికీ మధ్యలో బళ్ళుండకూడదని రూలు. జీపు పక్కకి తప్పుకుని ఆగిపోయింది. తొక్కేవాడికి దాని అర్థం తెలుసు. మంచం పక్కనుంచి డాక్టరు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతే ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టే. మిగిలింది అతనికి ముందున్న మేమే.

నలభై సెకన్లు. ముప్ఫై. దాలి భుజాలు ఊగుతున్నాయి. గవర్రాజు అద్దంలోంచి చూస్తున్నాడు. యాక్సిలరేటరు కొంచెం వదిలాడు. మేము దాలికి దగ్గరయ్యాం. ఇంకొంచెం. వరాలమ్మకి తెలిసింది, కాదనలేదు. మా వెనక గాలి చచ్చిపోయిన చోటికి దాలి ముఖం వచ్చింది. అమ్మయ్యో, ఆ ముఖం విప్పారిన తీరు! ఎండలో నడిచి నడిచి చావిట్లోకి అడుగుపెట్టినవాడిలా ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. అక్కడే ఉండు నాయనా అని నా రాతి గుండె కొట్టుకుంది. ఎవరూ చూడటం లేదు, వాళ్ళకో మోటారు, నీకో మోటారు, సరికి సరి.

కళ్ళు తెరిచాడు. చెయ్యెత్తి విసిరికొట్టినట్టు ఊపాడు.

"పో! బేగి ముందుకి పో గవర్రాజూ!"

"ఆళ్ళని టీవీ బండి లాగుతున్నాది గురూ! నువ్వు ఊరుకో!"

"ఆళ్ళని మోటారు లాగి, నన్నూ మోటారు లాగితే, మరి తొక్కిందెవులురా? పోరా!"

గవర్రాజు కళ్ళు తుడుచుకుని యాక్సిలరేటరు తిప్పాడు. గాలి మళ్ళీ అతని మీద పడింది. నేను దూరమౌతుంటే దాలి కళ్ళు చికిలించి అడిగాడు. గొంతు రాలేదు, పెదాలే కదిలాయి. ఎంతమ్మా?

వరాలమ్మ చేతిలో సుద్దముక్క ఉంది. రేడియోలో అంకె వినపడింది, నేనూ విన్నాను. అది రాస్తే కాళ్ళు చచ్చిపోతాయి. పెద్దది రాస్తే అబద్ధం, ఆవిడ అబద్ధం రాసే మనిషి కాదు. కొంగుతో నన్ను మొత్తం తుడిచేసింది. నల్లగా, ఖాళీగా, రెండు చేతులతో పైకెత్తి చూపించింది. ఇంక నన్ను చూడకు నాయనా, రోడ్డు చూడు అని. దాలికి అర్థమైంది. అన్నేళ్ళలో మొదటిసారి నా మీంచి చూపు తిప్పుకుని రోడ్డు చూశాడు. ఆ చూపు మళ్ళితే నాకెంత వెలితిగా ఉందో ఎలా చెప్పను?

మేము గీత దాటి పక్కన ఆగాం. కోట గోడ మొదలయ్యే చోట జనం హోరు. దాలి ఒక్కడే మలుపు తిరిగాడు. వెనకాలే గుంపు, వరద నీళ్ళలా. రా, రా, రా అంటోంది వరాలమ్మ, నన్ను గుండెకి అదుముకుని. అతని వేళ్ళు హ్యాండిలు మీద కొంచెం విప్పారడం చూశాను, ఒట్టు. అంత దగ్గర. గీతకి కొంచెం ముందు ఒక సోడాబండి ఉంది. అక్కడ దాటేశారు. ఒకరి వెనక ఒకరు, అటూ ఇటూ, రాయి పక్కనుంచి నీళ్ళు పోయినట్టు. విక్రాంత్ రెండు చేతులూ ఎత్తాడు. కిట్టంరాజుగారు జీపులోంచి దూకి అతన్ని వాటేసుకున్నారు. ఎత్తు పారింది.

దాలి ఎక్కడో నలభయ్యో వాడుగా దాటాడు, చేతులు హ్యాండిలు మీదే పెట్టుకుని. తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఎంతని అడగలేదు. వరాలమ్మ సీసాలోని నీళ్ళన్నీ తాగి, ఒగర్చుకుంటూ అరచెయ్యి నా మీద ఆనించాడు. వరాలమ్మ ఏడ్చింది, అతను ఏడవలేదు. నా మీద అయిదు వేళ్ళ చెమట ముద్ర కాస్సేపుండి ఆరిపోయింది.

ఆ మరుసటేడు తొక్కేవాళ్ళ చెవుల్లోకే రేడియోలు వచ్చాయి. మోటారు మీద మెరిసే అంకెల పెట్టె వచ్చింది. నన్ను నూకాలమ్మకి తిరిగి ఇద్దామంటే హోటల్లో రంగురంగుల ఫ్లెక్సీ వేలాడుతోంది. ఆఖరికి గవర్రాజు షెడ్డులో మేకు దొరికింది. పల్సర్ క్లచ్చు, స్ప్లెండర్ బ్రేకు, ఇవీ ఇప్పుడు నా మీది రాతలు. జనం నన్ను చూస్తారు. తమ బండి వంతు వచ్చిందా అని చూస్తారు. చూస్తే ఏం? రాత్రీ పగలూ నాకు ఒక్క చూపే గుర్తు. చికిలించిన ఆ కళ్ళ కోసం తలుపు వైపు తిరిగే వేలాడుతున్నాను.

మొన్న వచ్చాడు. జుట్టు నెరిసింది, కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఏం చేస్తున్నాడంటే నమ్మరు. పందెంలో టీవీ వాళ్ళ మోటారు సైకిలు నడుపుతున్నాడు! దానికి చైను మార్పించడానికి వచ్చాడు.

"నీ మీద పితూరీలంట కదా గురూ," అన్నాడు గవర్రాజు బండి కింద కూర్చుని. "కెమెరా ఆయన తలబాదుకుంటన్నాడంట."

"తియ్యడానికి ఆళ్ళు సీమల్లాగ అవుపడతన్నారంటాడు," అన్నాడు దాలి. "దగ్గరికెళ్ళమంటాడు. నానెళ్ళను. గుంపుకి నా గాలి తగలకూడదు."

ఈ ఏడు పందెంలో ఆఖరి రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. అనంతగిరి ఘాటీలో జోబి ఒంటరిగా పారిపోయాడట. అవును, ఆ జోబే, ఇప్పుడు వాడికీ వయసు మీరింది. గుంపు వెంటపడింది. దాలి మోటారు గుంపుకి రెండు మలుపుల ముందు, ఎంత తిట్టినా దగ్గరికి రాకుండా. జోబి చివరిదాకా దొరకలేదు. కోట ముందు రెండు చేతులూ ఎత్తి గీత దాటి, సైకిలు పారేసి, ముందు దాలిని వెతుక్కుని వచ్చి వాటేసుకున్నాడట. "అన్నా, ఈసారి గాలి అందరికీ ఒకటే," అన్నాడట.

"ఎంతలో గెలిచాడేటి?" అడిగాడు గవర్రాజు.

దాలి నా దగ్గరికి వచ్చాడు. నా మీదున్న క్లచ్చులూ బ్రేకులూ చేత్తో చెరిపేశాడు. సుద్దముక్క తీసి, మూడు సెకన్లు అని రాశాడు. మూడు! గుంపు ఓడిపోయిన అంకె. నేను పుట్టాక నా మీద పడ్డవాటిలో గీత దాకా నిలిచిన మొదటి మంచి అంకె, అదీ వేరొకడిది.

రాసి, వెనక్కి నడిచాడు. ఒక్కో అడుగే వేస్తూ తలుపు దాకా, మోటారుకీ సైకిలుకీ మధ్య ఉండేంత దూరం. అక్కడ నిలబడి కళ్ళు చికిలించాడు. అదే చూపు. ఒక్క రవ్వ తగ్గలేదు. "ఎంతమ్మా?" అన్నాడు నెమ్మదిగా, తన చేత్తోనే రాసిన అంకెని చూస్తూ. గవర్రాజు చైనుకి నూనె పెడుతూ తల ఎత్తలేదు.

దాలి చేతులు రెండూ పక్కలనుంచి లేచాయి. నడుం దాకా వచ్చాయి. అక్కడ ఆగి, ఏం చెయ్యాలో తెలియనట్టు కాస్సేపుండి, జేబుల్లోకి పోయాయి.

నాకు నోరుంటే ఆ పూట అరిచి చెప్పేదాన్ని. ఎత్తు నాయనా, ఎత్తు. ఇక్కడ గుంపు లేదు.